బీడు ఎవరి మాట? సోలార్ పార్కులు – డి.కె.టి. పట్టాలు

ఈమధ్య తెలుగులో వస్తున్న సైన్సు రాతల్లో సూర్యుడికి దక్కినంత గౌరవం ఇంకెవరికీ దక్కడం లేదు. 1954లో బెల్ ల్యాబ్స్ చూపించిన సిలికాన్ సెల్ సామర్థ్యం 6 శాతం. ఇవాళ సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్ పొర వేసి ప్రయోగశాలలో చేసిన సెల్ 34 శాతం దాటింది. 2025 జనవరి ఆఖరుకు దేశంలో సౌర విద్యుత్తు లక్ష మెగావాట్లకు చేరింది. ఇవన్నీ నిజాలే. మేము తప్పు పడుతున్నది యీ లెక్కల్ని కాదు. లెక్కల పక్కన అలవాటుగా వచ్చి కూచునే ఒక మాటని. ఆ మాట పేరు బీడు. సోలార్ పార్కు గురించి రాసే ప్రతివాడూ అది బీడు భూముల్లో వచ్చిందని రాస్తాడు. ఎవరిని అడిగి రాస్తాడు?

రాయలసీమలో బీడు అంటే ఏమిటో ఊరిని అడిగితే ఒకటి చెప్తుంది, వాడని అడిగితే ఇంకోటి చెప్తుంది. రెవెన్యూ కాయితంలో పోరంబోకు అని వున్న చోట గొర్రెలు మేస్తాయి, పొయ్యిలోకి కంప దొరుకుతుంది, రెండు వానలు పడితే కందో కొర్రో మొలుస్తుంది. మాల మాదిగలకు భూమి అంటూ దక్కింది చాలాచోట్ల యిలాంటి గుట్ట వారల్లోనే. డి.కె.టి. పట్టా అంటే అదే. నల్లరేగడి ఊరికి, రాళ్లచెలక వాడకి. ఆ రాళ్లు ఏరి కుప్పేసింది ఎవరో, ఎన్నేళ్లు ఏరారో యే సైన్సు వ్యాసంలోనూ వుండదు. ఊరు వద్దనుకుని విడిచిపెట్టిన నేలే గనక వాడకి వచ్చింది. ఇప్పుడు అదే నేల మీద ఎండ బాగా కాస్తుందని తెలిసింది, అంతే, మళ్లీ బీడైపోయింది.

పట్టాలోనే మెలిక వుంది. ప్రజా ప్రయోజనం కోసం ప్రభుత్వం ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చనే షరతు మీదే ఇచ్చారు. 1977 అసైన్డ్ భూముల చట్టం అగ్రవర్ణ భూస్వామి కొనకుండా అడ్డుపడింది, సంతోషమే. ప్రభుత్వం తీసుకోకుండా అడ్డుపడే చట్టం మాత్రం లేదు. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకి కూడా పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. గొప్ప తీర్పు. అయితే ఆ తీర్పు చేతిలో కాయితం వున్నవాడికి. తాత కాలం నుంచీ దున్నుతూ పట్టా రానివాడికి ఏముంది? అంతకంటే కింద, ఆ చేలో కలుపు తీసి చెనిక్కాయలు పీకే ఆడకూలీకి?

పావగడ సంగతి చూద్దాం. అది కర్ణాటకలో తుమకూరు జిల్లాలో వున్నా మూడు దిక్కులా మన సీమే, ఇళ్లల్లో మాట తెలుగే. అక్కడ సుమారు 13 వేల ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు పెట్టారు. భూమి కొనలేదు, కౌలుకి తీసుకున్నారు. ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. భూసేకరణ గొడవ లేని ఆదర్శ నమూనా అని దేశమంతా మెచ్చుకున్నారు. వానలు లేక అప్పుల పాలైన రైతుకి ఆ డబ్బు వూరటే, కాదనం. వంద ఎకరాలున్నవాడికి తొలి ఏడాదే 21 లక్షలు. రెండెకరాలవాడికి 42 వేలు. ఎకరం లేనివాడికి సున్నా. కానీ ఆ సున్నా మనిషి ఆ వందెకరాల్లోనే కదా కూలికి పోయేది! భూమి కౌలుకి పోయినప్పుడు అతని పని కూడా దానితోపాటే పోయింది. దానికి కౌలు ఎవరూ కట్టలేదు. మిగిలింది పలకల కింద గడ్డి కోయడం, పలకలు తుడవడం, గేటు దగ్గర కాపలా. ఇప్పుడు నీళ్లు లేకుండా పలకలు తుడిచే యంత్రాలు వచ్చాయి. నీళ్లు ఆదా అవుతాయి, మంచిదే. తుడిచే చెయ్యి కూడా ఆదా అయిపోతుంది.

ఇంకోటి చూడండి. బొగ్గు కేంద్రం పెట్టాలంటే ప్రజాభిప్రాయ సేకరణ అని షామియానా వేస్తారు. అది ఎంత నాటకమైనా వాడ మనిషి మైకు ముందు నిలబడి రెండు మాటలు అనడానికి చోటుండేది. సోలార్ ఫలకాల ప్రాజెక్టులు 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ పరిధిలోకి రావు. పొగ లేదు కాబట్టి అడగాల్సిన పని లేదని అర్థం. పొగ ఒక్కటే నష్టమా?

మేము బొగ్గుని వెనకేసుకు రావడం లేదు. బూడిద చెరువుల పక్కన బతికేదీ మనవాళ్లే, వడదెబ్బకి చేలల్లో పడిపోయేదీ మనవాళ్లే. భూమి వేడెక్కడం ఆగితే ముందు బాగుపడేది కూలి జనమే. సౌర విద్యుత్తు రావాల్సిందే. ఎవరి సొత్తుగా వస్తుందన్నదే తగాదా.

ఈ తగాదా కొత్తది కాదు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ చేతిలోనే విద్యుత్తు, నీటిపారుదల విషయాలు కూడా వున్నాయి. 1943లో విద్యుత్తు విధానం మీద మాట్లాడినప్పుడు ఆయన దాన్ని ఇంజనీర్ల సమస్యగా చూడలేదు. పేదరికం నుంచి బయటపడే దారిగా చూశాడు, రాజ్యం చేతిలో వుండాలన్నాడు. 1947లో రాజ్యాలు – మైనారిటీలు రాసినప్పుడు కీలక పరిశ్రమలూ వ్యవసాయమూ రాజ్యానివే కావాలన్నాడు. విగ్రహాలు పెట్టే మనం యీ అంబేడ్కర్‌ని ఎందుకు చదవడం లేదు? అందులో మా తప్పు కూడా వుంది. దళిత పత్రికలు రిజర్వేషన్ల మీద ఎన్ని పేజీలు రాశాయో, కరెంటు మీద అన్ని వాక్యాలు కూడా రాయలేదు.

నిజానికి ఆ రెండూ ఒకటే సమస్య. విజయవాడ, కొత్తగూడెం థర్మల్ కేంద్రాలు ప్రభుత్వానివి గనక రోస్టర్ వుంది. ఆ రోస్టర్ వల్ల వాడల్లో కొన్ని ఇళ్లకు జీతం వచ్చింది, పిల్లలు కాలేజీ గడప తొక్కారు. సోలార్ పార్కులో భూమి ప్రభుత్వం చూపిస్తుంది, లైను ప్రభుత్వ సంస్థ వేస్తుంది, పాతికేళ్లు కరెంటు కొంటామనే హామీ కూడా చాలామటుకు ప్రభుత్వ సంస్థలే ఇస్తాయి. ఫలకం మాత్రం ప్రైవేటుది. ఆ ఒక్క ఫలకం అడ్డం పెట్టి రిజర్వేషన్‌ని గేటు బయట నిలబెట్టారు.

ఇంటికప్పు పథకాలున్నాయి కదా అంటారు. 2024లో వచ్చిన పి.ఎం. సూర్యఘర్ 78 వేల దాకా సబ్సిడీ ఇస్తుంది. కప్పు వుండాలి, అది సొంతది కావాలి, మిగతా డబ్బు చేతిలో వుండాలి. రేకుల ఇంటికి యీ మూడింట్లో ఏది వుందో చూసుకోండి.

మళ్లీ ఆ 34 శాతం దగ్గరికొద్దాం. ఇప్పుడు పొలాల్లో నిలబెడుతున్న ఫలకాలు 22 శాతం దగ్గర వున్నాయి. రేపు 34 వస్తే అంతే కరెంటుకి ఇప్పటి ఫలకాల్లో మూడింట రెండు వంతుల వైశాల్యం చాలు. అప్పుడు మిగిలిన మూడో వంతు నేల డి.కె.టి. పట్టాదారుకి తిరిగొస్తుందా, లేక మరింత కరెంటు చేయడానికి అక్కడే వుండిపోతుందా? సైన్సు రాసేవాళ్లు యీ ప్రశ్న వేయలేదు. వేయరు కూడా, ఆ నేల వాళ్ల తాతలది కాదు కదా.

మనమే వేయాలి, వేయడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. ఎన్.పి. కుంట, ఓర్వకల్లు మండలాల్లో సోలార్ కంచెల లోపలికి పోయిన సర్వే నెంబర్లు పట్టుకుని, తాసీల్దారు ఆఫీసులో పాత అడంగళ్లు సమాచార హక్కు కింద అడిగి, ఒక్కో నెంబరు ఎదురుగా దున్నిన మనిషి పేరు, కులం, చేతికొచ్చిన పరిహారం రాయాలి. అడంగలులో పేరు లేని మనుషుల కోసం పక్కన ఇంకో గడి గీయాలి. ఆ గడి నింపాలంటే వాడకి పోయి ముసలమ్మలని అడగాల్సిందే.