లుప్తస్వరం, లబ్ధపదం: అన్నమయ్య సంకీర్తనల్లో సంగీతార్థం

పదకవితా పితామహుడుగా ప్రసిద్ధుడైన తాళ్లపాక అన్నమాచార్యుడు (1408-1503) తెలుగు పాఠకలోకానికి సమగ్రంగా పరిచయమైంది 20వ శతాబ్దిలోనే. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో నిక్షిప్తమై ఉన్న రాగిరేకులు 1920ల్లో పండితుల దృష్టికి వచ్చాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారి పరిష్కరణ కృషితో అవి గ్రంథరూపం పొందాయి. ఈ ఆలస్యం సాహిత్యచరిత్రలోని ఒక ఖాళీని పూరించడంతో ముగియలేదు. సంగీతమంటే ఏమిటన్న మౌలికమైన ప్రశ్నను కూడా ముందుకు తెచ్చింది.

రేకులపై ప్రతి సంకీర్తనకూ రాగం పేరు ఉంది. స్వరలిపి లేదు. తాళనిర్దేశం చాలావాటికి లేదు. త్యాగరాజ కృతులకు శిష్యపరంపర పాఠాంతరాలతోనైనా ధాతువును అందించింది. అన్నమయ్య విషయంలో, భజన సంప్రదాయంలో నిలిచిన కొద్ది రచనలు మినహా, అటువంటి గానపరంపర అవిచ్ఛిన్నంగా నిలవలేదు. మాతువు దక్కింది, ధాతువు జారిపోయింది. రాగనామాలు సైతం పూర్తి ఆధారం కావు. సామంతం, దేశాక్షి, గుండక్రియ వంటి పేర్లు నాడు సూచించిన స్వరూపమే నేడూ ఉందని చెప్పడం కష్టం.

అయితే సంగీతం పూర్తిగా నశించిందనడం తొందరపాటు. పల్లవి ఒక భావాన్ని ప్రతిపాదిస్తుంది. ప్రతి చరణమూ దానికొక ఉపపత్తిని చూపి తిరిగి పల్లవితో అన్వయిస్తుంది. ఈ పునరావృత్తి గానం కోసం ఏర్పడిన నిర్మాణం. యతిప్రాసలు, మాత్రాగణాల నడక లయను సూచిస్తాయి. అంటే సంగీతంలో ఒక అంశం పదనిర్మాణంలోనే ఇమిడి ఉంది. పాఠకుడు గొంతెత్తి చదివినా అది వినిపిస్తుంది. అన్నమయ్య సంస్కృతంలో రచించిన సంకీర్తన లక్షణం లభించకపోయినా, మనుమడు చినతిరుమలాచార్యుడి తెలుగు అనువాదం ఉండడం ఆ వంశంలో పదరచనకు శాస్త్రదృష్టి ఉండేదని నిరూపిస్తుంది.

ఈ నేపథ్యంలో రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మొదలైనవారు కూర్చిన వరుసలను పునరుద్ధరణలుగా కాక వ్యాఖ్యానాలుగా గ్రహించడం సమంజసం. వ్యాఖ్యాత ఎంత సమర్థుడైనా మూలకర్త కాడు. శ్రోతలు మాత్రం చెవికి అలవాటైన వరుసనే అన్నమయ్యదిగా భావిస్తున్నారు. దీనివల్ల స్వరకర్తల ప్రతిభ మరుగున పడుతోంది. మరో వ్యాఖ్యానానికి అవకాశం కుంచించుకుపోతోంది. పైగా రేకుల్లో శృంగార సంకీర్తనలే అధికం కాగా, సభల్లో వినిపించేవి ఎక్కువగా అధ్యాత్మ సంకీర్తనలు. స్వరపరచినదే కవి సర్వస్వమన్న భ్రమలో, నాయిక కోపతాపాలను ఇంటి నుడికారంలో పలికించిన కవి సగానికి పైగా అజ్ఞాతంగానే మిగిలిపోతున్నాడు.

వరుసకు ప్రమాణం ప్రాచీనత కాజాలదు. దాన్ని నిర్ధారించే ఆధారం లేదు. పదం విరుపు చెడకుండా, చరణం పల్లవిని చేరినప్పుడు అన్వయం స్ఫుటమయ్యేలా పాడగలగడమే ప్రమాణం కావాలి. అర్థానికి అడ్డుపడే సంగతి ఎంత రమ్యమైనా సంకీర్తనకు పరాయిదే. స్వరకర్త పేరును కవి పేరుతోపాటు ప్రకటించడం కూడా అవసరం. రాగిరేకులు బయటపడడంతో అన్నమయ్య అక్షరం దొరికింది. ఆ అక్షరాన్ని విని పాడడంలోనే అతని సంగీతం మిగిలి ఉంది.