బలవంతపు అన్నము: రెండు తీర్పుల విమర్శ

ప్రాణము పోవుచున్నను అన్నము ముట్టనీయని మనోవ్యాధి యొకటి కలదు. వైద్యులు దానిని అనొరెక్సియా అందురు. అట్టి రోగి వలదన్నను గొట్టముద్వారా ఆహార మెక్కించుట న్యాయమా?

ఇంగ్లండు, వేల్సుల సంరక్షణ న్యాయస్థానమున జస్టిస్ పీటర్ జాక్సన్ చెప్పిన రెండు తీర్పు లిందుకు విచారణీయములు. 2012లో, వైద్యవిద్య చదివిన 32 ఏండ్ల యువతికి బలవంతముగనైనను ఆహార మీయవచ్చుననెను. తల్లిదండ్రులు ఆమె పక్షముననే యుండిరి. లావగుదునను భయము ఆమెకు మేలుకీడులు తూచు శక్తిని హరించినదని న్యాయమూర్తి భావము.

ఇచ్చట ఒక చిక్కు కలదు. అన్నము వలదనుటయే రోగలక్షణము. ఆ లక్షణమే అసమర్థతకు సాక్ష్యమైనచో ఏ రోగి మాటయు చెల్లదు గదా! ఈ చిక్కును న్యాయమూర్తియు గుర్తించెను.

2016లో, ఇరువదేండ్లుగా రోగపీడితయైన 28 ఏండ్ల యువతి విషయమున, ఆమెకును నిర్ణయశక్తి లేదనియే తేల్చెను. అయినను బలవంతము మేలు చేయదని, ఆమె కోరినట్లు ఆసుపత్రినుండి పంపుట కంగీకరించెను.

నా మతమున రెండవ తీర్పే మార్గదర్శకము. నిర్ణయశక్తి లేనంతమాత్రమున మాట విలువ పోదు. మన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమును, సమ్మతి లేని చేర్పునకు మొదట 30 దినములే గడువు విధించినది. ప్రాణము నిలుపుటకు బలవంత మొకప్పుడు తప్పదు. కాని దానికి గడువు ఉండవలెను, రోగి మాట వినవలెను.