నమ్మిక నేర్పు పాఠము

ఇంటివారి ఫోను పండ్రెండేండ్ల బాలుని చేతికందిన నాటినుండి సాంఘికశాస్త్రోపాధ్యాయుని బాధ్యత ద్విగుణీకృతమైనదని నా విశ్వాసము. రాజ్యాంగ పీఠికను కంఠస్థము చేయించి, గ్రామపంచాయతీ మొదలు పార్లమెంటు వరకు గల వ్యవస్థల పేర్లు వల్లింపజేసినంత మాత్రమున పౌరవిద్య పూర్తికాజాలదు. విన్న వార్తను నమ్మవచ్చునా, పదిమందికి పంపవచ్చునా యని తనకు తానే విచారించుకొను వివేకము అలవడినప్పుడే ఆ విద్య సార్థకమగును.

2018లో, పిల్లలనెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను పుకారు వాట్సాప్ ద్వారా తెలుగు పల్లెలలో వ్యాపించి, నిరపరాధుల ప్రాణములను బలిగొన్నది. ఆ యేడే జోగులాంబ గద్వాల జిల్లా పోలీసులు డప్పులతో, పాటలతో ఊరూరా తిరిగి వదంతులను నమ్మవలదని ప్రజలకు బోధించిరి. ఆపత్కాలమున డప్పు చేసిన పనిని నిత్యమును చేయవలసినది తరగతిగది.

విషయమును స్వయముగా ఎరిగి, ఎరిగినదానిని ఉన్నదున్నట్లు చెప్పగోరువాని మాటను మన తర్కశాస్త్రజ్ఞులైన నైయాయికులు ప్రమాణముగా అంగీకరించిరి. ఆ లక్షణము ననుసరించియే నేను నల్లబల్లపై మూడు ప్రశ్నలు వ్రాయుదును: ఎవరు చెప్పినారు? వారికెట్లు తెలిసినది? చెప్పుటలో వారి ప్రయోజనమేమి?

ఒకనాడు, మన జిల్లాలో వంతెన కూలినదను వ్యాఖ్యతో ఫోనులో తిరుగుచున్న ఛాయాచిత్రమును ఏడవ తరగతి పిల్లల ముందుంచితిని. అందరును వరదనీటినే చూచుచుండగా, ఒక బాలిక దగ్గరకు వచ్చి పరికించి, "సార్, లారీ నంబరు ఏఎస్‌తో మొదలైంది. అది అస్సాం బండి కదండీ?" అనెను. "అస్సాం లారీ మన ఊరికి రాకూడదా ఏంటి?" అని వెనుక బెంచీ బాలుడు ప్రశ్నించెను. ఆ ఆక్షేపణ సమంజసమైనది. కనుక వారు మరియొక సాక్ష్యము వెదకిరి. ఒడ్డుననున్న దుకాణముల బోర్డులలో ఒక్కటియు తెలుగులో లేదని కనుగొనిన పిమ్మటనే తీర్పు చెప్పిరి.

"అయితే ఫోన్లో వచ్చేవన్నీ అబద్ధాలేనా సార్?" అని మరియొకడు అడిగినప్పుడు, పాఠము సగమే ముగిసినదని గ్రహించితిని. మరునాడు పంచాయతీ కార్యదర్శి సంతకము, తేదీ గల మంచినీటి సరఫరా ప్రకటనను అవే ప్రశ్నలతో పరీక్షింపజేయగా, అది నిలిచినది. అన్నిటిని శంకించువాడు తుఫాను హెచ్చరికను గూడ పెడచెవిని బెట్టును. తగినదానిని నమ్మగలుగుటయు విద్యయే.

1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన ప్రాథమిక విధులలో శాస్త్రీయ దృక్పథమును, జిజ్ఞాసను పెంపొందించుకొనుట యొకటి. ఆ వాక్యమును పరీక్షకై చదివించుట సులభము. ఆచరణలో పెట్టించుటకు వారమునకొక పీరియడైనను మార్కుల చింత లేకుండ కేటాయించవలెను. పదునెనిమిదేండ్లు నిండినవారికి ఓటుహక్కు లభించును గాని, ఆ హక్కును వినియోగించు వివేచనకు బాల్యముననే అభ్యాసము కావలెను.