సంవాదము – హరణము : రాక్ సంగీత వివాదములు

ఒక కృతికిని మఱియొక కృతికిని పోలిక కానవచ్చినపుడు అది సంవాదమా హరణమా యని నిర్ణయించుట ఆలంకారికులకు చిరపరిచితమైన చిక్కు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోక చతుర్థోద్ద్యోతమున సంవాదమును ప్రతిబింబము, ఆలేఖ్యము, తుల్యదేహి యని త్రివిధముగా విభజించి, మొదటి రెండును త్యాజ్యములనియు మూడవది గ్రాహ్యమనియు నిర్ణయించెను. రాజశేఖరుడు కావ్యమీమాంసయందు పరపురప్రవేశసదృశ మను నాలుగవ భేదమును జేర్చెను; అందు మూలవస్తు వొక్కటియే, పరికరము మాత్ర మత్యంత భిన్నము. ఇంగ్లండు, అమెరికా దేశములందు ఇరువదవ శతాబ్ది యుత్తరార్ధమున ప్రబలిన రాక్ సంగీతమును గూర్చి న్యాయస్థానములలో జరిగిన వివాదములకు ఈ విభాగము నన్వయించి చూచినచో, దీని బలముతోపాటు దీని కొఱతయు బయల్పడును.

జార్జి హారిసన్ 1970లో వెలువరించిన ‘మై స్వీట్ లార్డ్’ భక్తిగీతము. షిఫాన్స్ అను గాయనీబృందము 1963లో పాడిన ‘హీ ఈజ్ సో ఫైన్’ ప్రణయగీతము. రెండవదాని నుండి మొదటిది పుట్టినదని అభియోగము. 1976లో తీర్పు చెప్పిన రిచర్డ్ ఓవెన్ స్వయముగా సంగీతరూపకములు రచించిన విద్వాంసు డగుట విశేషము. ఆయన పరిశీలన వైయాకరణులకు నచ్చునట్టిది. మన సంజ్ఞలతో జెప్పవలెనన్న, ప–గ–రి యను స్వరగుచ్ఛము నాలుగు మారులును, ఆపైని ప–ద–స–ద–స యను గుచ్ఛము నాలుగు మారులును పూర్వగీతమున వచ్చును. హారిసన్ గీతమున మొదటిది నాలుగు మారులే. రెండవది మూడు మారులు వచ్చి, నాలుగవచోట వేఱొక నడక వచ్చును. ఈ గుచ్ఛములు విడివిడిగా సర్వసాధారణములే. వాని వరుస మాత్రము అసాధారణ మని తీర్పు. వర్ణసమామ్నాయ మందఱిది, పదమును పదముగా జేయునది ఆనుపూర్వి యనుట వ్యాకరణమున బాలురు నెఱిగిన విషయము. ఇంతవరకు తీర్పు నిర్దుష్టము.

అయితే హారిసన్ బుద్ధిపూర్వకముగా గ్రహింపలేదనియు, ఎప్పుడో విన్న గీతము అతని యంతరంగమున దాగి యుండి, తెలియకయే పైకి వచ్చినదనియు, అయినను అది హరణమే యనియు న్యాయాధిపతి వ్రాసెను. వాసన లేనిదే ఏ రచయితయు రచింపలేడు. ఎఱుగక తీసికొన్నదానికి ఋణ మేర్పడుననుట న్యాయమే. దానిని చౌర్య మనుట పదప్రయోగదోషము. మూలకర్త రానీ మాక్ 1963లోనే మరణించెను. హారిసన్ పూర్వవ్యవహర్త యైన ఆలెన్ క్లైన్ 1978లో ఆ గీతపు హక్కును గొని తానే ప్రతిపక్షి యయ్యెను! 1981లో న్యాయస్థానము అతనికి 5,87,000 డాలర్లు, అనగా అతడు గొన్న వెలయే, నిర్ణయించి యంతటితో సరిపుచ్చినది.

లెడ్ జెప్పెలిన్ బృందమువారి ‘స్టెయిర్‌వే టు హెవెన్’ (1971) వివాదము వేఱు జాతిది. స్పిరిట్ బృందమువారి ‘టారస్’ (1968) అను వాద్యఖండికయందును దీని యారంభమందును షడ్జము, కాకలి నిషాదము, కైశికి నిషాదము, చతుశ్రుతి ధైవతము, శుద్ధ ధైవతము అని మెట్టుమెట్టుగా దిగు మంద్రపంక్తి యున్నది. 1968 డిసెంబరులో డెన్వరు నగరమున రెండు బృందములును ఒకే సభలో వాయించినవి గూడ. 2014లో అభియోగము వచ్చెను; 2016లో జూరీ హరణము కాదనెను; 2018లో పునర్విచారణ కాజ్ఞయయ్యెను; 2020 మార్చిలో విస్తృతధర్మాసనము జూరీ నిర్ణయమునే స్థిరపఱచెను. ఇట్టి యవరోహణము పదునేడవ శతాబ్దిలో పర్సెల్ రచించిన డిడో విలాపగీతమునందే కలదు. అది కవిసమయము వంటిది. చంద్రికను చకోరము త్రాగునని వ్రాసిన కవిపై నెవడు దావా వేయును? పైగా, టారస్ రెండున్నర నిమిషములలో ముగియు మాటలు లేని ఖండిక. స్టెయిర్‌వే ఎనిమిది నిమిషములలో మందగానము నుండి మహోద్ధతికి బోవు గీతము. తుల్యదేహి యనుటకు గూడ ముఖమున నొక రేఖ మాత్రమే సమానము. పూర్వకృతిని విన్నారనుటకు సాక్ష్యము బలమైన కొలది స్వల్పసాదృశ్యమే చాలునను పాత నియమమును గూడ ఆ ధర్మాసనమే త్రోసిపుచ్చెను. వినుట దోషము కాదు గదా. ఒక్కటి మాత్రము విపరీతము: 1909 నాటి శాసనము ననుసరించి రక్షణ కర్హమైనది నాడు దాఖలు చేసిన వ్రాతప్రతియే గాని ముద్రితగానము గాదని తేల్చిరి. శ్రవణైకవేద్యమైన కళకు లిపి ప్రమాణ మయినది.

జాన్ ఫోగర్టీ తన 1970 నాటి గీతమునే తాను హరించినాడని, దాని హక్కుగల సంస్థ వ్యాజ్యెము వేయుట విడ్డూరము. అతడు బోనులో గిటారు మీటి చూపగా, 1988లో జూరీ యతని పక్షమున బలికినది. శైలి క్రయవస్తువు గాదు.

ఇక అసలు చిక్కు. లెడ్ జెప్పెలిన్ వారి ‘హోల్ లాటా లవ్’ (1969) అను గీతపు మాటలు చాలవఱకు, విల్లీ డిక్సన్ రచింపగా మడ్డీ వాటర్స్ 1962లో పాడిన ‘యూ నీడ్ లవ్’ నుండి వచ్చినవి. గిటారుపై మ్రోగు ఆ ప్రసిద్ధమైన స్వరపల్లవి మాత్రము జిమ్మీ పేజ్ సొంతము. మూల మొక్కటి, పరికరము భిన్నము: పరపురప్రవేశమునకు ఇంతకంటె చక్కని లక్ష్యము దొరకదు. రాజశేఖరుడు దీనిని మెచ్చెడివాడే. అయినను ఇచ్చట అన్యాయము జరిగినది. ఆ అన్యాయము గీతమున లేదు, చీటిపై నున్నది. కర్తలుగా నలుగురు వాద్యకారుల పేరులే ముద్రింపబడెను. డిక్సన్ పేరు లేదు.

బ్లూస్ సంగీతమున పాదములు నోటినుండి నోటికి సంచరించుచుండును, ఎవ్వని సొత్తును గావు అని సమాధానము చెప్పువా రున్నారు. అది జానపదగీతముల యెడ సత్యమే. కాని డిక్సన్ అజ్ఞాతకర్త గాడు. షికాగో నగరమున రచనయే వృత్తిగా జీవించిన నల్లజాతి కవి. ఆ బృందమువారే అదే 1969 జనవరిలో వెలువరించిన మొదటి సంపుటమున రెండు గీతములకు అతని పేరు ముద్రించిరి. అక్టోబరు సంపుటము నాటికి ఆ పేరు జాఱిపోయినది. ఎఱుగమనుటకు వీలులేదు. తెలియక తీసికొన్న హారిసన్ చోరు డని తీర్పు పొందగా, పేరెఱిగి విడిచినవారిపై తీర్పే లేకపోవుట గమనింపదగినది.

మన లక్షణకర్తలు అర్థము ఎంతవఱకు మాఱినదని కొలిచిరి గాని, మూలకర్త పేరు చెప్పబడినదా యని యడుగుటకు తమ విభాగమున స్థాన మీయలేదు. రాజాస్థానమున పూర్వకవుల కృతులు సభ్యులకు కంఠస్థములు. పేరు చెప్పకున్నను దాగెడిది గాదు. సముద్రము దాటి, కొనుగోలుదారులయొద్దకు బోవు సంపుటమున, చీటిపై లేని పేరు లోకమున లేనట్టిదే. ఆ పేరుతోడనే వేతనమును బోవును. కావున హరణవిచారమున నామనిహ్నవ మను నైదవ భేదము ప్రత్యేకముగా లెక్కింపవలసి యున్నది.

డిక్సన్ 1985లో వ్యాజ్యెము వేసెను. 1987లో రాజీ కుదిరినది. 1992లో అతడు మరణించెను. ఆ గీతమునకు ఇప్పుడు ముద్రించు కర్తృనామములు నాలుగు గాదు, ఐదు.