చార్టు మీద ఊరి చెత్త

ఇన్ఫోగ్రాఫిక్ అంటే లెక్కను కంటికి అందేలా బొమ్మ కట్టడం. 1786లో విలియం ప్లేఫెయిర్ అనే స్కాట్లాండ్ వాసి దేశాల వ్యాపార లెక్కలను గీతలుగా, కడ్డీలుగా అచ్చువేశాడు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో గీసిన వీధి పటంలో చావుల గుర్తులు ఒక్క పంపు చుట్టూ గుమిగూడాయి. నీళ్లే కారణమన్న ఆయన వాదనకు అదీ ఒక సాక్ష్యమైంది.

కాలుష్యం మీద చార్టు చేయమంటే విద్యార్థి బృందాలకు ముందుగా దొరికేది ఢిల్లీ పొగ, సముద్రంలో ప్లాస్టిక్. అవీ నిజమే. కానీ కుప్పం పిల్లలకు గ్రానైట్ క్వారీల దుమ్ము దగ్గర. పొట్టి ఆవులకు పేరుపడ్డ పుంగనూరులో పశువుల నోటికందే పాలిథిన్ కవర్లను లెక్కపెట్టొచ్చు. మదనపల్లెలో టమాటా ఉంది. ధర పడిపోతే రైతు కాయను దారి పక్కన పారబోస్తాడు.

అది కాలుష్యమేనా? బృందం కూర్చుని వాదించుకోవాల్సింది ఇక్కడే. కాయ పొలంలో కుళ్లితే ఎరువు. గాలాడని చెత్తగుట్ట అడుగున కుళ్లితే మీథేన్ పుడుతుంది. కాలువలో పడితే కుళ్లుతూ నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది, చేపలకు ఊపిరాడదు. ఒకే కాయ, మూడు గడులు. ఈ తేడా తేలకుండా పెన్సిల్ పట్టుకుంటే చార్టు అందంగా వస్తుంది, అంతే.

లెక్కించిన చోటు, తేదీ, వేళ అంకె పక్కనే ఉండాలి. ఒక్కరోజు చూసినదాన్ని ఏడాదికి అంటగట్టడం పెద్ద తప్పు.

గీయడంలోనూ ఒక మోసం ఉంది. మొదటివారం 10 కిలోల చెత్తకు 5 సెంటీమీటర్ల అడ్డుకొలతతో సున్న చుట్టారనుకుందాం. రెండోవారం 20 కిలోలయితే అడ్డుకొలత చటుక్కున 10 సెంటీమీటర్లకు జరుగుతుంది. అప్పుడు వైశాల్యం నాలుగింతలై, చెత్త 40 కిలోలన్నట్టు కంటికి కనబడుతుంది. చుట్టాల్సింది 7 సెంటీమీటర్లకు కాస్త పైన. కావాలని చేయకపోయినా అబద్ధం అబద్ధమే. కడ్డీలు గీస్తే ఈ చిక్కు లేదు.

రంగులకూ అర్థాలున్నాయి. 2014లో ప్రకటించిన జాతీయ వాయు నాణ్యత సూచీలో ఆరు మెట్లు: 50 లోపు ఆకుపచ్చ, 400 దాటితే ముదురు ఎరుపు. చార్టంతా ఎరుపు పూస్తే ఏది ఎక్కువ ప్రమాదమో తెలియదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా పట్టలేని కళ్లూ ఉంటాయి గనుక రంగు మీద అంకె కూడా వేయాలి.

చార్టును తరగతి గోడకే వదిలేయకూడదు. టమాటా చార్టును మార్కెట్ యార్డు గేటు దగ్గర అంటిస్తే హమాలీలు, లారీ డ్రైవర్లు, రైతులు ఆగి చూస్తారు. అంకె ఎక్కడ తప్పిందో వాళ్లే చెబుతారు.