జపాను భాషకు అంతర్జాల సోపానములు: ఒక విమర్శ

జపాను భాష మిక్కిలి కష్టమైనదను మాట తరచుగా వినబడుచుండును. నేర్వదలచినవానిని మొదట భయపెట్టునది దాని లిపి. హిరగన, కతకన అను రెండు అక్షరమాలలు చాలవు. 2010లో జపాను ప్రభుత్వము సవరించి ప్రకటించిన నిత్యవ్యవహార పట్టికలోని 2,136 కంజి గుర్తులు కూడ తెలియవలెను. ఈ శ్రమలో తోడ్పడు సాధనములు నేడు అంతర్జాలములో చాలవరకు ఉచితముగనే లభించుచున్నవి. ఐతే ప్రారంభదశ దాటి, ఒక నవలను, ఒక శాస్త్రవ్యాసమును స్వయముగా చదువగల ఉన్నతస్థాయికి అవి మనలను చేర్చగలవా? తెలుగు విద్యార్థికి అవి ఎంతవరకు అనుకూలములు? ఈ రెండు ప్రశ్నలను పరిశీలింతము.

మొదట పాఠములు. జపాను ఫౌండేషను అను సంస్థ 2016లో ‘మినాతొ’ అను అంతర్జాల విద్యావేదికను నెలకొల్పినది. ఆ సంస్థవారి ‘మరుగొతొ’ పాఠ్యగ్రంథములు చక్కని క్రమము గలవి. సంభాషణతో ఆరంభించి వ్యాకరణమునకు నడిపించును. కాని ఆ గ్రంథమాల బి1 అను మెట్టుతో ముగియును. ఐరోపావారి భాషాప్రమాణములోని ఆరు మెట్లలో ఇది మూడవది మాత్రమే. పైమూడు మెట్లను విద్యార్థి చాలవరకు తనంతట తానే ఎక్కవలసియున్నది.

ఇచ్చటనే పలువురు దారి తప్పుచున్నారు. 1984లో మొదలై, 2010 నుండి ఐదు అంతస్తులుగా నడచుచున్న జపాను భాషా ప్రావీణ్య పరీక్షలో ఎన్1 అత్యున్నతము. ‘ఎన్1 పదములు’ అను పట్టికలు అంతర్జాలములో కోకొల్లలు. కాని 2010 తరువాత పరీక్షాధికారులు అట్టి పట్టికలను ప్రకటించుట లేదు. కావున ఇవి పాత పట్టికలను బట్టి ఎవరికి వారు వేసికొన్న అంచనాలు మాత్రమే. అంతేకాక, ఈ పరీక్ష చదువుటను, వినుటను మాత్రమే కొలుచును. వ్రాయుటను, మాటలాడుటను కొలువదు. పట్టికను కంఠస్థము చేసి పరీక్ష నెగ్గినవాడు ఒక చిన్న లేఖ వ్రాయలేకపోవుటలో వింత లేదు.

నిఘంటువుల విషయమున మాత్రము విద్యార్థి అదృష్టవంతుడు. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయమునకు చెందిన జిమ్ బ్రీన్ 1991లో ఆరంభించిన పదసంచయము, నేడు ‘జేఎమ్‌డిక్ట్’ అను పేర లక్షలాది పదార్థములతో అందరికి ఉచితముగా లభించుచున్నది. అంతర్జాలమందలి పెక్కు జపాను నిఘంటువులకు ఇదియే మూలము. దీనితోపాటు కనబడు ఉదాహరణ వాక్యములను మాత్రము జాగ్రత్తగా గైకొనవలెను. వానిలో అధికభాగము తనక అను ఆచార్యుడు తన విద్యార్థులచే సేకరింపజేసి 2001లో వెల్లడించిన సంచయము నుండి వచ్చినవి. వానిలో తప్పులు, అసహజ వాక్యములు చాల దొరలినవి. సవరణలు జరిగినను, ప్రతి వాక్యమును ప్రమాణముగా స్వీకరింపరాదు.

జ్ఞాపకమునకు ‘అంకి’ అను సాధనము కలదు. ఈ పేరు కంఠస్థము చేయుట అను అర్థము గల జపాను మాట. మరచిపోవుటను గూర్చి ఎబింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన ప్రయోగములతో మొదలైన పరిశోధన దీనికి పునాది. మరపునకు వచ్చు వేళకు పదమును తిరిగి అడుగుట, సమాధానము సరియైన కొలది వ్యవధిని పెంచుట దీని పద్ధతి. గుర్తులను నిలుపుకొనుటకు ఇంతకంటె మంచి ఉపకరణము అరుదు. ఐనను ఇది గాదె వంటిది. ధాన్యము వేరొకచోట పండవలెను.

అట్టి పొలము ‘అఒజొర బున్‌కొ’. 1997లో ఆరంభమైన ఈ గ్రంథాలయములో హక్కుల గడువు తీరిన వేలాది రచనలను స్వచ్ఛంద సేవకులు ఎక్కించి ఉంచిరి. సొసెకి, అకుతగవ, మియజవ కెంజి వంటి మహారచయితలు ఇచ్చట ఉచితముగా లభింతురు. రచన పాత లిపిలో నున్నదో కొత్త లిపిలో నున్నదో జాబితాలోనే సూచింపబడియుండును. ప్రారంభకుడు కొత్త లిపివానినే ఎన్నుకొనవలెను. లోపమొకటి కలదు. 2018 డిసెంబరులో జపానులో హక్కుల గడువు రచయిత మరణానంతరము 50 ఏండ్ల నుండి 70 ఏండ్లకు పెరిగినది. కావున 1968లో మరణించినవారి రచనలు 2039లో గాని ఈ విధముగా విడుదల కావు. ఇచ్చట దొరకు భాష ప్రధానముగా మన తాతల నాటిది.

ఇటీవలి భాషకు జపాను జాతీయ భాషా పరిశోధన సంస్థ 2011లో వెలువరించిన లిఖిత భాషా సంచయము శరణ్యము. సుమారు 10 కోట్ల మాటలు గల దీనిని పేరు నమోదు చేసికొని ఉచితముగా వెదుకవచ్చును. ఏ మాటతో ఏ మాట జతకూడునో ఇది చూపును. ఇంగ్లీషును అనుసరించువాడు ‘బలమైన తేనీరు’ అని వ్రాయును; జపానువారనునది ‘కొయి ఒచ’, అనగా చిక్కని తేనీరు. మనము కూడ చిక్కని టీ అనియే అందుము గదా!

ఈ చిన్న మాటలోనే అసలు చిక్కు దాగియున్నది. పైసాధనములలో పెక్కింటిని మనము ఇంగ్లీషు ద్వారముననే ప్రవేశించుచున్నాము. జపాను వాక్యమునకు తెలుగు వాక్యమువలె క్రియ చివర వచ్చును. విభక్తి పదమునకు వెనుక చేరును. జపానులో ‘యొందె కికసెరు’ అనగా ‘చదివి వినిపించు’. ‘కైతె అరు’ అనగా ‘వ్రాసి ఉన్నది’. ‘ఇత్తె కురు’ అనగా ‘వెళ్లి వచ్చు’. మాటకు మాట సరిపోవుచున్నది! ‘అకెతె మిత’ అనునది ‘తెరిచి చూచెను’; ‘అకెయో తొ షిత’ అనునది ‘తెరువబోయెను’. మొదటిదానిలో తలుపు తెరుచుకొన్నది. రెండవదానిలో తెరుచుకొన్నదని చెప్పలేము. ఇంగ్లీషు వివరణలు తరచుగా ఈ రెంటికిని ‘ప్రయత్నించెను’ అను ఒకే మాటను వాడును. తెలుగు బాలునికి సహజముగా తెలిసిన భేదమును ఇంగ్లీషు ద్వారా పోగొట్టి, మరల కష్టపడి నేర్పుచున్నాము.

ఈ పోలికలను బట్టి రెండు భాషలును ఒకే కుటుంబమునకు చెందినవని తలపరాదు. పోలిక పప్పులో కాలు వేయించు తావులును కలవు. ‘మా నాన్నగారు వచ్చిరి’ అని మనము గౌరవముగా అందుము. జపాను పద్ధతిలో ఇతరులతో తన తండ్రిని గూర్చి చెప్పునపుడు గౌరవరూపము వాడుట తప్పు. ‘వ’, ‘గ’ అను రెండు ప్రత్యయముల భేదమునకు తెలుగులో నేరుగా సరిపోవునది లేదు. ఎచ్చట పోలికను నమ్మవలెనో, ఎచ్చట విడువవలెనో తెలుపుటకు రెండు భాషలు నెరిగిన గురువు వలయును.

సారాంశమేమన, సామగ్రికి కొరత లేదు. మన భాషలో దారి చూపు వివరణకే కొరత. జేఎమ్‌డిక్ట్‌లో జర్మను, ఫ్రెంచి, రష్యను, హంగేరియను అర్థములు చేరియున్నవి, తెలుగు చేరలేదు. మూలమును పేర్కొని, అదే షరతుపై ఇతరులకు పంచిపెట్టినచో దానిని ఎవరైనను వాడుకొనవచ్చును. జపాను నేర్చుకొనుచున్న ఉన్నత పాఠశాల విద్యార్థులు దినమునకు పది మాటలకు తెలుగు అర్థములు వ్రాసి, ఉపాధ్యాయులు వానిని సరిచూచినచో, ఏడాదిలో మూడువేలు దాటును. తరువాత నేర్వవచ్చు బాలునికి ఆ మూడువేల మాటలు చుట్టుదారిని తప్పించును.