ఆసులో కండె

ఊపిరి సలపకుండా అటూ ఇటూ తిరిగే మనిషిని ‘ఆసులో కండెలా తిరుగుతున్నాడు’ అంటాం. ఆ తిరుగుడు ఎంతో పోచంపల్లి చుట్టుపక్కల నేతింటి ఆడవాళ్ల భుజాలకు తెలుసు. ఆసు అంటే నేతకు ముందు పోగు చుట్టే చట్రం: ఒక పక్క ఒంటి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుస మేకులు. పోగు పట్టుకున్న చెయ్యి ఎదుటి మేకు దాకా వెళ్లి, చుట్టి, వెనక్కి రావాలి. ఒక్క చీరకే దాదాపు 9,000 సార్లు. రెండు చీరలకు ఆసు పోస్తే 18,000.

ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే ఈ నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం యంత్రం తలపెట్టారు. చిన్నతనంలోనే బడి మానేసిన మనిషి. 1992లో మొదలుపెడితే 1999కి గానీ కొలిక్కి రాలేదు.

అన్నేళ్లు ఎందుకు పట్టిందో ఆసును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. గుండ్రంగా తిరగడం ఏ మోటారుకైనా చేతనవును. ఇక్కడ పోగు ఒక మేకును చుట్టి వెనక్కి వచ్చి, లెక్క తప్పకుండా పక్క మేకుకు జరగాలి. పైగా బిగువు మొదటి చుట్టు నుంచి చివరి దాకా ఒక్కటే ఉండాలి. పోగు వదులైతే చిటికి (రంగు అంటకుండా పోగుకు వేసే కట్టు) గుర్తు జరుగుతుంది, గుర్తు జరిగితే నేతలో పువ్వు అంచు చెదిరిపోతుంది. అమ్మ చెయ్యి ఆలోచించకుండానే చేసే ఈ పనిని ఇనుముకు నేర్పడం మామూలు పనితనం కాదు.

అంతకంటే నాకు నచ్చింది ఆ యంత్రం ఎక్కడ ఆగిందన్నది. నాలుగైదు గంటల పనిని గంటన్నరకు తెచ్చింది. చిటికి కట్టడం, రంగులద్దడం, నెయ్యడం మాత్రం ముట్టుకోలేదు. చీరకు విలువ తెచ్చే తెలివంతా వాటిలోనే ఉంది కదా! అదే పువ్వును ఎక్కడో మిల్లులో బట్ట మీద అచ్చేసే యంత్రమూ యంత్రమే. దానితో చీర చవకవుతుంది, కూలీ డబ్బు మాత్రం మగ్గమున్న ఊరు దాటి మిల్లున్న ఊరికి పోతుంది. మల్లేశం యంత్రం నేతింట్లోనే ఒక మూల ఇముడుతుంది, కాబట్టి కలిసొచ్చిన పొద్దూ అక్కడే మిగులుతుంది. అయితే నూలు ధర, చీరకు దక్కే రేటు ఇప్పటికీ నేతగాడి చేతిలో లేవు. వాటిని ఏ యంత్రమూ మార్చలేదు.

ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. యంత్రానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రమని. స్విచ్ వేశాక మేకుల మీద పోగు నిండుతూ ఉంటుంది. ఇల్లాలు ఆ పక్కనే కూర్చుని నిన్నటి ఆసుకు చిటికి కట్టుకుంటుంది.